ప్రాజెక్టు పెట్టాలనే ఊపు రావడం లేదు: ఒక కెమిస్ట్రీ మేడమ్ ఉత్తరానికి జవాబు

ప్రశ్న: సార్, నేను దక్షిణ తెలంగాణలో ఒక స్టేట్ యూనివర్సిటీలో కెమిస్ట్రీ అసిస్టెంట్ ప్రొఫెసర్‌ని. రెగ్యులర్ పోస్టే. చేరి పదేళ్లు దాటింది. హైదరాబాద్‌లో ఆర్గానిక్ సింథసిస్‌లో పీహెచ్‌డీ చేశాను. మా పుట్టిల్లు నల్గొండ జిల్లా మర్రిగూడ వైపు పల్లెటూరు. న్యాక్ (యూనివర్సిటీలకు గ్రేడ్ ఇచ్చే తనిఖీ) దగ్గర పడుతోందని మా దగ్గర ఏ మీటింగ్ జరిగినా ఒకటే మాట, అందరూ రీసెర్చ్ గ్రాంటు కోసం ప్రాజెక్టులు పెట్టాల్సిందే అని. మూడేళ్ల కింద నా పీహెచ్‌డీ పనినే పొడిగించి ఒకటి పెట్టాను. రిజెక్ట్ అయింది. కొత్తదనం లేదు, సౌకర్యాలు సరిపోవు అని రెండు లైన్ల కామెంట్ వచ్చింది. అప్పటి నుంచి ఆ ఫైలు తెరవబుద్ధి కావడం లేదు. ఒక సీనియర్ సార్ 'కనీసం పాయింట్ల కోసమన్నా పెట్టమ్మా' అంటారు. ఇంకో సార్ 'ప్రాజెక్టు పెట్టుడెందుకు, తలనొప్పి తెచ్చుకునుడెందుకు' అంటారు. సెంట్రల్ యూనివర్సిటీలో ఉన్న నా క్లాస్‌మేట్ మాత్రం ఒకటి అయిపోగానే ఇంకోటి తెచ్చుకుంటోంది. ఆమెకు ఆ ఊపు ఎక్కడి నుంచి వస్తోంది? అసలు జనం దేనికోసం అప్లై చేస్తారు? నాకు అనిపించకపోవడం నాలో లోపమా? పేరు వేయకండి.

జవాబు: అమ్మా, చివరి ప్రశ్నకు ముందు జవాబు చెబుతాను. లోపం మీలో లేదు. పదేళ్లు పాఠాలు చెబుతూ, తీరిక చేసుకుని ఒక ప్రపోజల్ రాస్తే, అది రెండు లైన్లతో తిరిగొస్తే ఎవరికైనా మనసు విరుగుతుంది. ఇక ఊపు సంగతి. ప్రాజెక్టులు తెచ్చుకునేవాళ్లను చాలా ఏళ్లు దగ్గర నుంచి చూశాను, ప్రపోజల్స్ చదివే కమిటీల్లోనూ కూర్చున్నాను. ఊపుతో రాసేవాళ్లు అరుదు. రాసే ప్రతి ఒక్కరి వెనకా ఏదో ఒక అవసరం ఉంటుంది. ఒకసారి కాదనిపించుకోగానే ఆగిపోయేది ఎవరు, నాలుగోసారి కూడా పెట్టేది ఎవరు అన్నది ఆ అవసరం ఎలాంటిదో దాన్ని బట్టే ఉంటుంది. కాబట్టి ఆ అవసరాలను ఒక్కొక్కటిగా చూద్దాం. మీది ఎక్కడుందో మీకే తెలుస్తుంది.

ప్రమోషన్ పాయింట్ల కోసం పెట్టడంలో సిగ్గుపడాల్సింది ఏమీ లేదు. ఇంటి లోను, పిల్లల ఫీజులు ఉన్న మనిషి ప్రమోషన్ కోరుకోవడం తప్పెలా అవుతుంది? కానీ లెక్క వేసి చూడండి. యూజీసీ 2018 నిబంధనల పట్టికలో 10 లక్షలు దాటిన ప్రాజెక్టు పూర్తి చేస్తే 10 పాయింట్లు, 10 లక్షల లోపుదైతే 5. నడుస్తుండగా అయితే 5, 2. అదే సైన్స్‌లో ఒక్క పేపర్‌కు 8, దానికి జర్నల్ ఇంపాక్ట్ ఫ్యాక్టర్‌ను బట్టి ఇంకొన్ని కలుస్తాయి. సహరచయితలు ఉంటే వాటా తగ్గుతుంది, నిజమే. అయినా మూడేళ్లు కొనుగోళ్లు, బిల్లులు, రిపోర్టులు మోస్తే వచ్చేది 10, రెండు మంచి పేపర్లు రాస్తే వచ్చేది అంతకంటే ఎక్కువ. నేరుగా అసోసియేట్ ప్రొఫెసర్ పోస్టుకు వెళ్లాలంటే రీసెర్చ్ స్కోర్ 75 కావాలి, ప్రొఫెసర్‌కు 120. ఆ దూరాన్ని ప్రాజెక్టు పాయింట్లతో దాటినవాళ్లు నాకు కనబడలేదు. ప్రాజెక్టు వల్ల వచ్చిన పేపర్లతో, ప్రాజెక్టు వల్ల చేరిన పీహెచ్‌డీ విద్యార్థులతో దాటినవాళ్లు ఉన్నారు. మీ సీనియర్ మంచి మనసుతోనే చెప్పారు. అయితే పాయింట్ల కోసమే రాసిన ప్రపోజల్‌ను రివ్యూయర్ మొదటి పేజీలోనే పట్టేస్తాడు. సమస్య ఏమిటో చెప్పకుండా పరికరాల జాబితా చెబుతుంటే అర్థమైపోతుంది.

న్యాక్ కోసం పెట్టమనడం ఇంకా బలహీనమైన కారణం. న్యాక్‌కు, ఎన్‌ఐఆర్‌ఎఫ్ ర్యాంకులకు ప్రాజెక్టుల డబ్బు లెక్కలోకి వస్తుంది, అందుకే పైనుంచి ఒత్తిడి వస్తుంది. అది యూనివర్సిటీ అవసరం. ఆ ఒక్క కారణంతో ఎవరూ రాత్రి పదకొండింటికి కూర్చుని రెఫరెన్సులు సరిచూసుకోరు.

డబ్బు ఆశ గురించి బయట చాలా మాటలు వినిపిస్తాయి. ప్రాజెక్టు వచ్చిందంటే సారుకు లక్షలు వచ్చినట్టే అనుకుంటారు. మీ ఇంట్లోవాళ్లు కూడా అలా అనుకుంటూ ఉండొచ్చు. అమెరికాలో చాలా యూనివర్సిటీల్లో ప్రొఫెసర్ జీతం 9 నెలలకే ఇస్తారు, వేసవి నెలల జీతం గ్రాంటులోంచి తీసుకోవచ్చు. కొన్నిచోట్ల, ముఖ్యంగా మెడికల్ స్కూళ్లలో, గ్రాంటు ఆగిపోతే జీతానికే ఎసరు. అక్కడివాళ్ల తొందర వెనక అలాంటి భయం ఉంటుంది. మన దగ్గర రెగ్యులర్ టీచర్ జీతానికీ ప్రాజెక్టుకూ సంబంధం లేదు. ప్రాజెక్టు వచ్చినా అదే జీతం, రాకపోయినా అదే జీతం. వచ్చిన డబ్బు యూనివర్సిటీ ఖాతాలోకే వెళ్తుంది. పరికరాలు, కెమికల్స్, ఫెలో జీతం, ప్రయాణాలు, కంటింజెన్సీ (చిల్లర ఖర్చులు), ఓవర్‌హెడ్స్ అని పద్దుల వారీగా విడిపోయి ఉంటుంది. ఒక పద్దులోది ఇంకో పద్దులో ఖర్చు పెట్టాలన్నా అనుమతి కావాలి. ఇది తెలిసీ మనవాళ్లు ప్రాజెక్టు పెడుతున్నారంటే వాళ్లను నడిపించేది వేరే ఏదో ఉందన్నమాట.

అందులో మొదటిది, ఎవరినీ అడుక్కోకుండా పనిచేసుకునే వీలు. మీకు చెప్పక్కర్లేదు. డిపార్ట్‌మెంట్ కంటింజెన్సీలో ఎసిటోన్, ఇథైల్ అసిటేట్ కొనుక్కోవడానికే ఏడాదంతా ఇండెంట్లు తిప్పాలి. అణువు నిర్మాణం తేల్చే ఎన్‌ఎంఆర్ పరీక్ష కోసం శాంపిల్ ఎక్కడికో పంపాలంటే ఆ చార్జీ ఎవరు కట్టాలన్నది పెద్ద ప్రశ్న. చాలామంది చేతి డబ్బు పెట్టుకుంటారు. ప్రాజెక్టు ఉన్న మనిషికి తన పద్దు తనకు ఉంటుంది. ఏ రియేజెంట్ కావాలో, ఏ వారం కావాలో తానే నిర్ణయించుకోవచ్చు. పెద్ద సంస్థలో ఉన్నవాళ్లకు ఇది చిన్న విషయంగా కనిపిస్తుంది. జిల్లా యూనివర్సిటీలో పనిచేసినవాళ్లకు మాత్రం దీని విలువ తెలుసు.

రెండోది విద్యార్థులు. దీని గురించి జనం తక్కువ మాట్లాడతారు, కానీ నా అనుభవంలో బలమైన కారణం ఇదే. నాకు తెలిసిన ఒక మైక్రోబయాలజీ మేడమ్ ఉండేవారు. ఆమె క్లాసులో కొల్లాపూర్ వైపు నుంచి వచ్చిన ఒక అమ్మాయి ఎమ్మెస్సీలో బ్రహ్మాండంగా చదివింది. ల్యాబ్‌లో చేయి తిరిగిన పిల్ల. చదువు అయిపోగానే ఇంట్లో ఇబ్బందులు. జడ్చర్ల దగ్గర పోలేపల్లిలో ఏదో ఒక కంపెనీలో క్వాలిటీ కంట్రోల్ ఉద్యోగంలో చేరిపోవడానికి సిద్ధపడింది. ఆ ఉద్యోగాలను నేను తక్కువ చేయడం లేదు, ఎన్నో ఇళ్లు వాటి మీద నడుస్తున్నాయి. కానీ ఆ అమ్మాయికి రీసెర్చ్ చేయాలని ఉంది, నెట్ కూడా పాసైంది. ఈ మేడమ్ అంతకు ముందు ప్రాజెక్టుల జోలికే పోలేదు. ఆ సంవత్సరం మాత్రం కూర్చుని ప్రపోజల్ రాశారు. ఆ పిల్లను ఇక్కడ నిలబెట్టాలంటే ఫెలోషిప్ ఇచ్చే ప్రాజెక్టు ఒకటి తన చేతిలో ఉండాలి, అంతే. ప్రాజెక్టు వచ్చింది, అమ్మాయి నిలబడింది.

నెట్ గానీ గేట్ గానీ ఉన్న జూనియర్ రీసెర్చ్ ఫెలో (జేఆర్‌ఎఫ్)కు 2023 జనవరి నుంచి నెలకు 37,000, దాని మీద ఇంటద్దె భత్యం. మన ప్రాంతంలో ఒక ఆడపిల్ల ఇంకో మూడేళ్లు చదువుతానంటే ఇంట్లో ఒప్పించడానికి ఆ అంకె ఎంత పనికొస్తుందో మీకు నేను చెప్పాలా? మీ దగ్గర చదివే పిల్లల్లో అలాంటివాళ్లు ఒక్కరన్నా ఉంటారు. మీ ఉత్తరంలో విద్యార్థుల ఊసే లేదు. ఒకసారి ఆలోచించండి.

మూడోది, వదలని ప్రశ్న. మీ పుట్టిల్లు మర్రిగూడ వైపు అన్నారు, అది ఫ్లోరైడ్ నీళ్ల ప్రాంతం కాబట్టి కాస్త వివరంగా రాస్తాను.

నల్గొండ నీళ్లలోని ఫ్లోరైడ్ గురించి దేశానికి తెలిసింది ఎవరి వల్ల? మోకాళ్లు లోపలికి వంగిపోయిన మన పిల్లల గురించి 1973లో అంతర్జాతీయ వైద్య పత్రికలో రాసింది హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థవాళ్లు. పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడర్ కలిపి నీళ్లలో ఫ్లోరైడ్ తగ్గించే పద్ధతిని 1970ల్లో తయారు చేసింది నాగ్‌పూర్‌లోని పర్యావరణ పరిశోధన సంస్థ 'నీరి'. దాన్ని ప్రపంచమంతా 'నల్గొండ టెక్నిక్' అనే అంటుంది. టాంజానియా, కెన్యా దాకా వెళ్లి వాడి చూశారు. జబ్బు మనది, పేరు మనది, పరిశోధన మాత్రం బయటినుంచి వచ్చినవాళ్లది. వాళ్లకు మనం రుణపడి ఉన్నాం. అప్పట్లో మన దగ్గర యూనివర్సిటీ లేదు. నల్గొండలో మహాత్మాగాంధీ యూనివర్సిటీ వచ్చింది 2007లో, మహబూబ్‌నగర్‌లో పాలమూరు యూనివర్సిటీ 2008లో. ఇప్పుడు మీలాంటివాళ్లు ఉన్నారు. ఆ ఊళ్ల భాష తెలుసు, ఏ బోరు నీళ్లు తాగుతారో, ఏ బోరు నీళ్లు పశువులకు పెడతారో తెలుసు. ఢిల్లీ నుంచి వచ్చే సైంటిస్టు ఇవన్నీ తెలుసుకునేసరికే ప్రాజెక్టు కాలం సగం అయిపోతుంది.

మిషన్ భగీరథతో కృష్ణా నీళ్లు వచ్చాయి కదా, ఇంకేముంది అని రివ్యూయర్ అడుగుతాడు. అడగాలి కూడా. మీ దగ్గర జవాబు ఉండాలి. తాగే నీళ్లు మారినా బోరు నీళ్లతో వరి, కూరగాయలు పండుతూనే ఉన్నాయి. పశువులు అవే తాగుతున్నాయి. కొన్ని ఇళ్లలో వంటకు ఇప్పటికీ ఏ నీళ్లు వాడుతున్నారో అడిగితే గానీ తెలియదు. ఊరూరా పెట్టిన ఆర్‌ఓ ప్లాంట్లు మంచి నీళ్లు ఇచ్చి, మిగిలిన చిక్కటి ఉప్పు నీళ్లను పక్క మోరీలోకి వదులుతాయి. ఫ్లోరైడ్ అందులోనే పోగవుతుంది. అది ఎక్కడికి వెళ్తోంది? మళ్లీ ఏ బావిలోకి దిగుతోంది? ఇవి చిన్న ప్రశ్నలు కావు.

ఇప్పుడు మీ సబ్జెక్టుకు వస్తాను. ఫ్లోరైడ్‌ను పీల్చుకునే పొడులు, గుజ్జులు, బొగ్గుల మీద ప్రపంచంలో లెక్కలేనన్ని పేపర్లు వచ్చాయి. ఆ దారిలో వెళ్తే మళ్లీ కొత్తదనం లేదనే అంటారు. మీరు ఆర్గానిక్ సింథసిస్ మనిషి. సిలికాన్‌కూ ఫ్లోరిన్‌కూ ఉన్న బంధం సంగతి మీకంటే ఎవరికి బాగా తెలుసు? ఫ్లోరైడ్ ఇచ్చే టీబీఏఎఫ్ వేసి, సిలికాన్ ఉన్న సిలైల్ గ్రూపును ఊడగొట్టే రియాక్షన్ పీహెచ్‌డీ రోజుల్లో చేసే ఉంటారు. ఫ్లోరైడ్ తగలగానే ఆ బంధం తెగి రంగు మారే అణువులను తయారు చేయవచ్చు. చాలామంది చేశారు కూడా. కానీ వాటిలో ఎక్కువ భాగం ఆర్గానిక్ సాల్వెంట్‌లో బాగా పనిచేసి, నీళ్లలోకి వచ్చేసరికి మొరాయిస్తాయి. ఫ్లోరైడ్ చుట్టూ నీటి అణువులు అంత గట్టిగా పట్టుకుని ఉంటాయి మరి. బోరు నీళ్లలో, అందులో ఉండే కాల్షియం, బైకార్బనేట్ మధ్య, లీటరుకు 1.5 మిల్లీగ్రాముల దగ్గర స్పష్టంగా రంగు మారే ఒక పట్టీ ఆశా వర్కర్ చేతిలో పెట్టగలమా? ఇది మీ చదువుకు సరిపోయే ప్రశ్న, మీ ఊరికి పనికొచ్చే ప్రశ్న.

ఆ 1.5 అన్న గీత ఎందుకంటే, మన తాగునీటి ప్రమాణం ఐఎస్ 10500 ప్రకారం లీటరుకు 1 మిల్లీగ్రాము దాకా మంచిది, వేరే నీళ్లు లేకపోతే 1.5 దాకా ఒప్పుకుంటారు. ఆ మధ్య సందులోనే చాలా బోర్లు ఊగుతుంటాయి. మీరు ఎప్పుడైనా ఫ్లోరైడ్ ఎలక్ట్రోడ్‌తో కొలిచారో లేదో. నీళ్లను ప్లాస్టిక్ సీసాలో పట్టాలి, గాజు సీసా వాడరు. ల్యాబ్‌కు తెచ్చాక అంతే పరిమాణంలో, కొలత సరిగా రావడానికి వాడే టిసాబ్ బఫర్ కలిపి, స్టిరర్ మీద పెట్టి ఎలక్ట్రోడ్ ముంచాలి. మీటర్‌లో అంకె కాసేపు అటూ ఇటూ ఆడి నిలబడుతుంది. ఒకే ఊళ్లో రెండు వీధుల బోర్లు పక్కపక్కన పెట్టి కొలిస్తే ఆ అంకెల్లో తేడా చూసి ఆశ్చర్యపోతారు. కింద గ్రానైట్ రాయి ఎక్కడ ఎలా పగిలి ఉందో దాన్ని బట్టి నీళ్లు మారుతాయి. ఆ అంకెలు మన కళ్ల ముందు నిలబడ్డాక, అవి తాగినవాళ్లు మనవాళ్లే అయ్యాక, ప్రపోజల్ రాయడానికి ఇంకొకరు తోయనక్కర్లేదు.

అందరికీ ఫ్లోరైడే కావాలని కాదు. మీ యూనివర్సిటీలో సోషల్ సైన్సెస్‌వాళ్లకు పాలమూరు వలస ఉంది, నల్లమల చెంచుల చదువులున్నాయి, పోచంపల్లి, గద్వాల మగ్గాలున్నాయి. సోషల్ సైన్స్ పరిశోధనకు నిధులిచ్చే కేంద్ర మండలి ఐసీఎస్‌ఎస్‌ఆర్ ఇలాంటివాటికి చిన్నవీ పెద్దవీ ప్రాజెక్టులు ఇస్తుంది, దాని దక్షిణ ప్రాంత కేంద్రం ఉస్మానియా క్యాంపస్‌లోనే ఉంది.

ఇక రిజెక్షన్. మీరు ఫైలు తెరవలేకపోతున్నానని రాసిన వాక్యం నన్ను బాధపెట్టింది. మీ ఒక్కరికే ఇలా అవుతోందని అనుకోకండి. ఆస్ట్రేలియాలో 2012లో అక్కడి వైద్య పరిశోధన మండలికి 3,727 ప్రపోజల్స్ వచ్చాయి. వాటిని రాయడానికి పరిశోధకులు పెట్టిన కాలాన్ని అన్నీ కలిపి కూడితే దాదాపు 550 సంవత్సరాల పని అని తేలింది. శాంక్షన్ అయినవి ఐదింట ఒకటి. అంటే మంచి దేశంలో, మంచి ల్యాబుల్లో ఉన్నవాళ్లలో కూడా ఐదుగురిలో నలుగురికి రాలేదు. ఇంకో మాట కూడా ఆ అధ్యయనంలోనే ఉంది. కొత్త ప్రపోజల్‌కు సగటున 38 పనిదినాలు పడితే, పాతదాన్ని దిద్ది మళ్లీ పెట్టడానికి 28 రోజులే పట్టాయి. మీ పాత ఫైలులో కూడా అంతో ఇంతో పనికొచ్చే సరుకు ఉంది.

నెదర్లాండ్స్‌లో యువ పరిశోధకుల మీద చేసిన అధ్యయనం ఒకటి 2018లో వచ్చింది. కటాఫ్‌కు కొంచెం పైన ఉండి గ్రాంటు తెచ్చుకున్నవాళ్లనూ, కొంచెం కింద ఉండి పోగొట్టుకున్నవాళ్లనూ పోల్చారు. ఇద్దరి ప్రతిభలో పెద్ద తేడా లేదు. అయినా తర్వాతి ఎనిమిదేళ్లలో మొదటివాళ్లకు వచ్చిన నిధులు రెండోవాళ్లకంటే రెట్టింపు దాటాయి. దానికి ఒక కారణం, పోగొట్టుకున్నవాళ్లు మళ్లీ అప్లై చేయడం తగ్గించేయడం. మీ క్లాస్‌మేట్‌కూ మీకూ మధ్య తేడా ఇదేనేమో చూడండి. ఆమెకు మొదటిది వచ్చింది, రెండోది పెట్టడం తేలికైంది. మీకు మొదటిది రాలేదు, ఫైలు మూసేశారు. ఊపు ఆమెకు ముందే ఉండి ప్రాజెక్టు తెచ్చిపెట్టలేదు, వచ్చిన ప్రాజెక్టే ఆ ఊపు ఇచ్చింది.

మరుసటి ఏడాది అమెరికాలో ఇలాంటిదే ఇంకోటి వచ్చింది. అక్కడ కూడా అంచుల్లో పోగొట్టుకున్న యువ శాస్త్రవేత్తల్లో కొందరు రంగమే వదిలేశారు. కానీ వదలకుండా నిలబడినవాళ్లు తర్వాతి పదేళ్లలో, అంచుల్లో గెలిచినవాళ్లకంటే ఎక్కువ పేరున్న పేపర్లు రాశారు.

తలనొప్పి అన్న సారు మాటలో కూడా నిజం ఉంది, దాన్ని కొట్టిపారేయలేను. అసిస్టెంట్ ప్రొఫెసర్‌కు వారానికి 16 గంటల బోధన అని నిబంధన. ఖాళీలు నిండని చోట అంతకు మించే పడుతుంది. ప్రాజెక్టు వస్తే ఆ గంటల్లో ఒక్కటి కూడా తగ్గదు. కొనుగోలుకు ప్రభుత్వ ఆన్‌లైన్ బజారు జెమ్ పోర్టల్, కొటేషన్లు, కమిటీ సంతకాలు. మార్చి వచ్చిందంటే యూసీ టెన్షన్. యూటిలైజేషన్ సర్టిఫికెట్ వెళ్లనిదే రెండో విడత డబ్బు రాదు, డబ్బు రాకపోతే ఫెలోకు జీతం ఉండదు. జీతం రాని పిల్ల ముఖం చూడలేక సొంత జేబులోంచి ఇచ్చిన టీచర్లను చూశాను. ప్రాజెక్టు ఎందుకు పెట్టడం లేదని టీచర్లను నిలదీసే అధికారులు ఒక్కసారి తమ అకౌంట్స్ సెక్షన్‌లో ఒక బిల్లు ఎన్ని రోజులు ఆగుతోందో చూసుకోవాలి. ప్రాజెక్టు ఫైళ్లకు ఒక క్లర్క్‌ను ప్రత్యేకంగా పెడితే, ప్రాజెక్టు ఉన్నవాళ్లకు వారానికి నాలుగు క్లాసులు తగ్గిస్తే, ఇన్ని మీటింగ్‌లు పెట్టే అవసరం ఉండదు.

ఇక్కడే ఇంకో మాట. మీ డిపార్ట్‌మెంట్‌లో కాంట్రాక్టు మీద ఏళ్ల తరబడి పనిచేస్తున్నవాళ్లు ఉండే ఉంటారు. పీహెచ్‌డీలు ఉన్నవాళ్లు, మంచి ఆలోచనలు ఉన్నవాళ్లు. చాలా పథకాలు రెగ్యులర్ ఉద్యోగం ఉంటేనే తీసుకుంటాయి. అప్లై చేయాలని ఉన్నా వాళ్లకు తలుపు తెరుచుకోదు. మీకు ఆ తలుపు తెరిచే ఉంది. వాళ్లలో ఒకరిద్దరితో కూర్చుని మాట్లాడండి, ప్రశ్న కలిసి తయారు చేయండి, పేపర్లలో వాళ్ల పేర్లు సరైన చోట పెట్టండి.

ఏ తలుపు తట్టాలన్నది చివరి సంగతి. ముందు ఒకటి తేల్చుకోండి, మీ ప్రశ్నకు నిజంగా డబ్బు కావాలా? కొన్ని ప్రశ్నలకు అక్కర్లేదు. లైబ్రరీ, పెన్ను, ఇద్దరు మంచి మిత్రులు చాలు. అలాంటప్పుడు ప్రాజెక్టు పెట్టలేదని బాధపడకండి, పని చేసి పేపర్ రాయండి. మీ విషయంలో మాత్రం ఎన్‌ఎంఆర్, మాస్ స్పెక్ట్రా కావాలి, చేతి కింద ఒక మనిషి కావాలి. కాబట్టి డబ్బు కావాలి.

మీకు వచ్చిన రెండు లైన్లనే మళ్లీ చదవండి. కొత్తదనం లేదన్నదానికి పైన ఒక దారి చెప్పాను. సౌకర్యాలు సరిపోవన్నదానికి ఉన్న దారి, పరిశోధనకు నిధులిచ్చే కేంద్ర సంస్థ ఎస్‌ఈఆర్‌బీ పెట్టిన 'టేర్' పథకం. సొంత చోట వసతులు లేని టీచర్ల కోసమే దాన్ని పెట్టారు. మీ ఉద్యోగం మీకు ఉంటుంది, ఏడాదిలో కనీసం 90 రోజులు ఐఐటీ, సీఎస్‌ఐఆర్ ల్యాబ్, సెంట్రల్ యూనివర్సిటీ లాంటి చోట పనిచేస్తారు. మూడేళ్ల పాటు ఏడాదికి 5 లక్షల రీసెర్చ్ గ్రాంటు, మీకు విడిగా ఏడాదికి 60,000. మీ పనికి హైదరాబాద్ తార్నాకలో కెమిస్ట్రీ పరిశోధన సంస్థ ఐఐసీటీ ఉంది, నీళ్ల సంగతికి ఉప్పల్‌లో భూభౌతిక పరిశోధన సంస్థ ఎన్‌జీఆర్‌ఐ ఉంది. రెండూ మీకు పొద్దున బస్సెక్కితే చేరే దూరమే. దీనికి వయోపరిమితి పెట్టారు కాబట్టి మీ వయసు చూసుకోండి. స్టేట్ యూనివర్సిటీలవాళ్ల కోసమే 'ష్యూర్' అని ఇంకోటి తెచ్చారు, మూడేళ్లకు 30 లక్షల దాకా. ఎస్‌ఈఆర్‌బీ ఇప్పుడు ఏఎన్‌ఆర్‌ఎఫ్ అనే కొత్త సంస్థలో కలిసిపోయింది, కాబట్టి ఏ పథకానికి ఎప్పుడు పిలుస్తున్నారో, ఏ షరతులు మారాయో ఆ పోర్టల్‌లోనే చూడండి. ఎవరో ఫార్వర్డ్ చేసిన వాట్సాప్ మెసేజ్‌ను నమ్మకండి.

తన ల్యాబ్‌లో చోటిచ్చి హోస్ట్‌గా ఉండమని సైంటిస్టుకు ఈమెయిల్ రాయడానికి మొహమాటపడతారని నాకు తెలుసు. పెద్ద ఉత్తరం అక్కర్లేదు. నేను ఫలానా, నా ప్రశ్న ఇది, నా చేతిలో ఈ ఊళ్ల నీళ్ల లెక్కలు ఉన్నాయి, మీ ల్యాబ్‌లో ఈ పని చేయాలనుకుంటున్నాను అని అరపేజీ రాయండి. చేతిలో సొంత లెక్కలు ఉన్న మనిషికి జవాబు వస్తుంది. రాకపోతే రెండు వారాలు ఆగి ఇంకొకరికి రాయండి.

అందుకే ప్రపోజల్ కంటే ముందు నీళ్లు తీయించండి. దీనికి ప్రాజెక్టు అక్కర్లేదు, మీ ఎమ్మెస్సీ పిల్లల డిసర్టేషన్ కింద చేయించవచ్చు. మర్రిగూడ, నాంపల్లి, మునుగోడు వైపు కొన్ని ఊళ్లు ఎంచుకుని, ప్రతి ఊళ్లో తాగే నల్లా, పొలం బోరు, ఆర్‌ఓ ప్లాంటు వదిలే నీళ్లు విడివిడిగా పట్టించండి. సీసా మీద తేదీ, ఊరు, బోరు లోతు రాయించండి. వానలకు ముందు మే నెలలో ఒకసారి, వానలు వెనక్కి తగ్గాక నవంబర్‌లో ఒకసారి తీయాలి, ఒక్క సీజన్ లెక్కలు పెడితే రివ్యూయర్ ఒప్పుకోడు. మీ దగ్గర ఎలక్ట్రోడ్ లేకపోతే జిల్లా నీటి పరీక్షల ల్యాబ్‌ను అడగండి. మే నెల శాంపిల్స్ తప్పిపోతే ఇంకో ఏడాది ఆగాలి, కాబట్టి సీసాలు ఏప్రిల్‌లోనే కడిగించి పెట్టండి.